అమెరికాలో అబ్బాయి ఇంటికి మంచు యంత్రం: మా ఎఫ్‌డీ తీసి పంపమంటారా?

ప్రశ్న: హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. నరసన్నపేటలో ఉంటున్నాం. మా అబ్బాయి అమెరికాలో బఫెలోకి దక్షిణాన ఆర్చర్డ్ పార్క్ దగ్గర పోయిన వేసవిలో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి మేం వెళ్లలేకపోయాం. ఇంటి ముందు కారు దారి 60 అడుగుల పొడవట, గ్యారేజీ వైపు తారు, రోడ్డు వైపు సగం కంకర. మంచు తీయడానికి టూ-స్టేజ్ స్నో బ్లోయర్ కొంటానంటున్నాడు, 1,400 డాలర్లు. సింగిల్-స్టేజ్ అయితే 600కి వస్తుందట. కాంట్రాక్టరుకి అప్పగిస్తే చలికాలానికి 500 డాలర్లు. షాపువాళ్లిచ్చే 12 నెలల వడ్డీ లేని కార్డు మీద తీసుకుని నెలకి 100 చొప్పున కడతానన్నాడు. ఇంటికి మనమేమీ ఇవ్వలేదు, ఇదైనా కొనిపెడదామని మా ఆవిడ పట్టు. వైద్యానికని ఉంచుకున్న 3 లక్షల ఎఫ్‌డీలో సగం తీసి పంపమంటారా? డిసెంబరు నుంచి మార్చి దాకా మేమూ అక్కడే ఉంటాం. నేనే రోజూ పార పట్టి తీసేస్తే ఆ ఖర్చూ తప్పుతుందేమో. నాకు 66 ఏళ్లు, బీపీకి మాత్ర వేసుకుంటాను.

జవాబు: మాస్టారూ, ఉత్తరంలో మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. మీరు అక్కడ పార పట్టొద్దు. మన దగ్గర పొలం పని చేసిన ఒళ్లేనని మీకు ధైర్యం ఉండొచ్చు. కానీ గడ్డకట్టే చలిలో రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. ఆ మీదట ఊపిరి బిగబట్టి తడి మంచు ఎత్తుతుంటే గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. మంచు ఎత్తుతూ గుండెపోటుతో కూలిపోయినవాళ్ల వార్తలు అక్కడ ప్రతి చలికాలం వస్తాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఈ పని గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. డబ్బు లెక్కలోనే చూసినా, అక్కడ ఆస్పత్రిలో గుండె చికిత్సకి అయ్యే బిల్లు ముందు ఈ 1,400 డాలర్లు లెక్కలోకే రావు.

అందుకే మీ ఎఫ్‌డీలోంచి డబ్బు తీయాల్సి వస్తే మిషనుకి కాకుండా మీ ఇద్దరి ప్రయాణ బీమాకి తీయండి. నాలుగు నెలల బస, ఒకరికి బీపీ. చవగ్గా వస్తుందని ఒక్కో చికిత్సకి ఇంతే అని పరిమితి కట్టి ఇచ్చే ప్లాను తీసుకోకండి, అక్కడి బిల్లులో అది ఏ మూలకీ రాదు. మొత్తం బిల్లు మీద ఒక పెద్ద హద్దు వరకూ చెల్లించే సమగ్ర ప్లాను అడగండి. ముందునుంచీ ఉన్న జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే ఇస్తారా, ఎంతవరకు ఇస్తారు అన్న షరతు మీరే చదవండి, ఏజెంటు నోటి మాట మీద ఆగకండి. బీపీ ఉన్న సంగతి దాచకుండా రాయండి. దాస్తే క్లెయిము నాడు ఆ ఒక్క కారణం చూపి కాగితం వెనక్కి పంపిస్తారు.

ఇక మిషను. అబ్బాయి టూ-స్టేజ్ అడగడం దుబారా కాదు. అతను అడిగింది సరైనదే.

బఫెలో విమానాశ్రయం దగ్గర ఏటా సగటున 95 అంగుళాల దాకా మంచు పడుతుంది. ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలి తేమని మోసుకొచ్చి, సరస్సుకి ఎదురుగా ఉన్న ఊళ్ల మీద కుమ్మరిస్తుంది. మీ అబ్బాయి ఇల్లున్న దక్షిణం వైపే ఆ దెబ్బ ఎక్కువ. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుపానుకే ఆరడుగులు దాటి పడింది. అలాంటిది ఏటా రాదు, కానీ ఒకటి రెండు అడుగులు పడే రోజులు అక్కడ మామూలే.

పడిన మంచు ఒక ఎత్తు, రోడ్డు శుభ్రం చేసే బండి తోసిపెట్టి పోయేది మరో ఎత్తు. ఆ బండి రోడ్డు మీది మంచునంతా పక్కకి నెట్టుకుంటూ పోతుంది. అది మన కారు దారి మొదట్లో గట్టులా పేరుకుంటుంది. ఉప్పు, బురద, మంచుగడ్డలు కలిసి రాత్రికి రాయిలా బిగుసుకుంటుంది. అసలు బాధంతా అక్కడే. సింగిల్-స్టేజ్ మిషనులో తిరిగే మర ఒకటే. రబ్బరు అంచులతో నేలని రాస్తూ మంచుని తీసి, అదే బయటికి విసురుతుంది. నాలుగైదు అంగుళాల పొడి మంచుకి, నున్నటి తారు మీద, అది చాలు. ఆ గట్టు ముందు మొరాయిస్తుంది, కంకర మీద రాళ్లు ఏరి విసురుతుంది. పక్కింటివాళ్ల అద్దం ఒక్కటి పగిలితే 600కి కొన్న లాభం అక్కడే పోతుంది.

టూ-స్టేజ్‌లో పని రెండు చోట్ల జరుగుతుంది. ముందున్న ఇనప మర, దాన్ని ఆగర్ అంటారు, మంచుని కొరికి మధ్యలోకి లాగుతుంది. వెనకున్న ఇంపెల్లర్ దాన్ని అందుకుని గొట్టంలోంచి ముప్పై నలభై అడుగుల దూరం విసురుతుంది. ఆగర్ నేలకి తగలదు. రెండు పక్కలా ఉండే స్కిడ్ షూ అనే ఇనప బద్దీలని కిందికి దించి బిగిస్తే ముందు భాగం అంగుళం పైకి లేస్తుంది, కంకర కంకరలాగే ఉంటుంది. చక్రాలని కూడా ఇంజనే నడుపుతుంది కాబట్టి మనిషి తోసే పని లేదు. 24 అంగుళాల వెడల్పుది ఆ దారికి సరిపోతుంది. 30 అంగుళాలది కొంటే ఖర్చూ పెరుగుతుంది, తిప్పడమూ కష్టమే. హెడ్‌లైటు, వేడెక్కే పిడులు లేకపోయినా నడుస్తుంది గానీ ఎలక్ట్రిక్ స్టార్టూ, మలుపు తిప్పడానికి పిడి దగ్గర మీటలూ ఉన్నది తీసుకోమనండి. అబ్బాయి ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్న రోజున కోడలమ్మాయి ఒక్కర్తే దాన్ని నడపాలి. దాదాపు 90 కిలోల బండి అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1,400 మీద అక్కడి ఈరీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అమ్మకం పన్ను 8.75 శాతం, కలిపితే 1,520 దాకా అవుతుంది. పెట్రోలు, ఆయిలు, ప్లగ్గు, చిల్లర సామాను అన్నీ కలిపి చలికాలానికి 70 డాలర్లు వేసుకుందాం. మూడు చలికాలాలకి మిషను ఖర్చు 1,730, కాంట్రాక్టు 1,500. నాలుగింటికి మిషను 1,800, కాంట్రాక్టు 2,000. అంటే నాలుగో ఏట మిషను గెలుస్తుంది, తర్వాత ఏటా 430 మిగులుతుంది. అమ్మితే మూడో వంతు ధరైనా వస్తుందనుకుంటే మూడో ఏటికే లెక్క కలుస్తుంది. కాకపోతే ఉద్యోగం మారి జూలైలో హడావిడిగా ఇల్లు ఖాళీ చేసేవాడికి మంచు మిషను మీద ఆ ధర రాదు.

కాబట్టి అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: ఆ ఇంట్లో నాలుగు చలికాలాలు ఉంటానన్న నమ్మకం ఉందా? వీసా ఏ దశలో ఉంది, కంపెనీ ఎలా ఉంది, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఉంటాననుకుంటే కొనడమే మంచిది. సందేహంగా ఉంటే ఈ ఒక్క ఏడాదికి కాంట్రాక్టరుకి ఇచ్చి చూడమనండి. అయితే ఎన్ని అంగుళాలు పడితే వస్తారు, రోడ్డు బండి గట్టు వేసి పోయాక మళ్లీ వస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. కొందరు మూడంగుళాలు పడితే గాని రారు, పెద్ద తుపాను నాడు మన వంతు మధ్యాహ్నానికి వస్తుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ వడ్డీ లేని కార్డు. దయచేసి ఈ పేరా అబ్బాయికి చదివి వినిపించండి. అమెరికా షాపు కార్డుల్లో చాలావాటికి షరతు ఇలా ఉంటుంది: 12 నెలల్లో పూర్తిగా తీరిస్తేనే వడ్డీ లేదు. పన్నెండో నెల చివర ఒక్క డాలరు బాకీ ఉన్నా, కొన్న రోజు నుంచి ఏడాది వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. రేటు 30 శాతం దగ్గర్లో ఉంటుంది. నెలకి 100 కడితే ఏడాదికి 1,200 అవుతుంది, పన్ను లేకుండానే 200 మిగిలిపోతుంది. ఆ 200 కోసం దాదాపు 250 డాలర్ల వడ్డీ పడుతుంది. అంత చదువుకున్న పిల్లవాడు ఇందులో చిక్కుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ కార్డే కావాలంటే నెలకి 130 కట్టి ఆఖరి గడువుకి ముందే ముగించాలి. అంతకంటే మూడు నెలల జీతంలోంచి పక్కన పెట్టి చేతి డబ్బుతో కొనుక్కోవడం హాయి. ఇంకో దారి, మిషను పాతది చూడటం. బఫెలో చలి పడలేక వెచ్చని రాష్ట్రాలకి వెళ్లిపోయేవాళ్లు తమ మిషన్లు అమ్మేస్తుంటారు. వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే అనుమానించాలి. చల్లటి ఇంజను తాడు ఒకటి రెండు లాగుళ్లకే అందుకుంటే అది మంచి గుర్తు. కొత్తదైనా పాతదైనా అక్టోబరులోపు చూసుకోవాలి, మొదటి తుపాను పడ్డాక ధర దిగదు, సరుకూ ఉండదు.

మీరు పంపడం గురించి. చట్టం అడ్డు రాదు. ఆర్‌బీఐ సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకూ పంపొచ్చు, కొడుక్కి బహుమతి అని బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారంలో రాస్తే సరిపోతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల లోపు పంపితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, కూడా లేదు. కానీ బ్యాంకు చార్జీ, దాని మీద జీఎస్టీ, డాలరు రేటులో వాళ్లు పెట్టుకునే తేడా ఉంటాయి. ఎఫ్‌డీ గడువుకి ముందే తీస్తే ఉంచిన కాలానికి వచ్చే తక్కువ రేటే లెక్కగడతారు, అందులోనూ సాధారణంగా అర నుంచి ఒక శాతం కోస్తారు. డాలరు 90 రూపాయలనుకున్నా మిషను 1,26,000 అవుతుంది, పన్ను కలిపితే 1,37,000. మీ పెన్షనులో ఆ మొత్తం మళ్లీ పోగవ్వాలంటే ఎంతకాలం పడుతుందో మీకే తెలుసు. డాలర్లలో జీతం తెచ్చుకునే కుర్రాడికి అది కొన్ని నెలల పొదుపు. వైద్యానికని పెట్టుకున్న డబ్బు వైద్యానికే ఉండాలి.

అమ్మగారి మనసు నాకు అర్థమైంది. ఇంటికి పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఏదో ఒకటి పెట్టాలన్నది మన వైపు గట్టి పట్టింపు. వెళ్లేటప్పుడు కోడలికి పొందూరు ఖద్దరు చీర తీసుకెళ్లండి, పూజ గదికి ఏదైనా వెండిది చిన్నది పెట్టండి. పాతిక వేలలో గౌరవంగా తేలిపోతుంది, దానికి ఎఫ్‌డీ కదపక్కర్లేదు.

మిషను కొన్నాక వాడకంలో డబ్బు ఎక్కడ పోతుందో కూడా చెప్పాలి. హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తర్వాత మన జిల్లాల్లో ఎంతమంది జనరేటర్లు కొన్నారో మీరు చూశారు. మరుసటి తుపానుకి చాలావాటిలో ఇంజను అందుకోలేదు, ట్యాంకులో వదిలేసిన పెట్రోలు జిగురై కార్బ్యురేటర్ మూసుకుపోయింది. స్నో బ్లోయర్ ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఖాళీగా ఉంటుంది. పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ అందులో కలపాలి, చలికాలం చివర ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపాలి. ఇథనాల్ 10 శాతం మించిన పెట్రోలు పోయకూడదు.

ఆగర్‌ని పట్టి ఉంచే షియర్ పిన్ను అని చిన్న మేకు ఉంటుంది. రాయో మంచుగడ్డో అడ్డం పడితే అది విరిగి, లోపలి గేర్‌బాక్సుని కాపాడుతుంది. పిన్ను కొన్ని డాలర్లు, గేర్‌బాక్సు వందల డాలర్లు. విరిగిందని చేతికి దొరికిన బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేర్‌బాక్సు. కొన్ననాడే ఒక జత పిన్నులు అదనంగా తీసుకోవాలి. మొదటి మంచుకి ముందే దారంతా నడిచి గోనె పట్టాలు, తీగలు, మంచు కింద కనపడకుండా పోయే దినపత్రికలు ఏరేయాలి. అంచుల వెంట కర్రలు పాతుకోవాలి. ఒకటిన్నర అడుగు పడేదాకా ఆగకుండా ఆరంగుళాలకి ఒకసారి తీస్తే ఇంజనుకీ మనిషికీ సుఖం. గట్టు దగ్గర బండిని నెమ్మది గేరులో, ఇంజను మాత్రం పూర్తి వేగంలో ఉంచి, సగం వెడల్పు చొప్పున కొరుక్కుంటూ పోవాలి. విసిరే మంచు రోడ్డు మీద పడకూడదు, బఫెలో ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలో అది చట్టవిరుద్ధం.

మిషనుని గ్యారేజీ లోపల స్టార్ట్ చేసి ఉంచకూడదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, ఇంట్లోకి పాకుతుంది. తడి మంచు గొట్టానికి అడ్డం పడితే చేయి పెట్టి లాగకూడదు, ఇంజను ఆపినా సరే. ఆగర్‌లో బిగిసి ఉన్న బలం అడ్డం తీయగానే ఒక్క చుట్టు తిరుగుతుంది, వేళ్లు పోయేది అప్పుడే. మిషను మీదే ప్లాస్టిక్ గరిట లాంటిది తగిలించి ఇస్తారు, ఇంజను ఆపి, తాళంచెవి బయటికి తీసి, తిరగడం పూర్తిగా ఆగాక దానితోనే తీయాలి. డిసెంబరులో అక్కడికి వెళ్లాక మీరు కిటికీలోంచి చూస్తూ ఈ ఒక్క విషయం మాత్రం అబ్బాయికి గుర్తు చేయండి మాస్టారూ, తండ్రి మాటగా.

టికెట్లు బుక్ చేసే ముందు బీమా ప్లాను కాగితాలు నాకు పంపండి, షరతులు చూసి చెప్తాను.