ఆ అంకె ఎవరు లెక్కపెట్టారు?

ధాత కరువు (1876-78 నాటి పెద్ద కరువు) మీద ఎం.ఏ. డిసర్టేషన్ రాస్తే "అన్నీ సెకండరీ సోర్సులే, ప్రైమరీ ఏదీ?" అని గైడ్ వెనక్కి పంపారని, ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగారు. మీ అవ్వ చెప్పిన సంగతులు పెట్టొచ్చా అని కూడా అడిగారు. మీకు గైడ్ దగ్గరే తెలిసింది, నయం. నేను వైవాలో పడ్డాను ఆ మాట.

నా టాపిక్ మద్రాసులోని బకింగ్‌హామ్ కాలువ. మైలాపూర్ వైపు లోకల్ రైలెక్కితే పక్కన నల్లగా కనిపిస్తుందే, అదే. అడయారు, కూవం నదుల మధ్య ఉన్న ముక్కను 1877-78లో కరువు పనుల కింద, అంటే తిండికి లేనివాళ్లకు కూలి ఇచ్చి, తవ్వించారు. ఎంతమంది కూలీలు పనిచేశారో ఒక అంకె వేసి, కింద మూడు పుస్తకాల పేర్లు దర్జాగా ఇచ్చాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగింది ఒక్కటే: "ఈ అంకె ఎవరు లెక్కపెట్టారమ్మా?" నోట మాట రాలేదు. తర్వాత చూసుకుంటే మూడో పుస్తకం రెండోదాన్ని చూసి రాసింది, రెండోది మొదటిదాన్ని. మొదటిదానికి ఫుట్‌నోటే లేదు. ముగ్గురు సాక్షులున్నారనుకుంటే ఉన్నది ఒక్కడే, వాడూ కళ్లతో చూసినవాడు కాదు.

కరువు రోజుల్లో కలెక్టర్ రాసిన ఉత్తరం, అప్పటి పేపర్లో వచ్చిన వార్త ప్రైమరీ. వాటిని చదివి తర్వాతివాళ్లు రాసిన చరిత్ర పుస్తకం, జర్నల్ వ్యాసం సెకండరీ. ఎన్‌సైక్లోపీడియా, వికీపీడియా లాంటివి దారి తెలుసుకోవడానికి చదవండి, అక్కడితో సరి.

తిరకాసు ఏమిటంటే, ఏది ప్రైమరీ అనేది మీ ప్రశ్నను బట్టి మారిపోతుంది. మద్రాస్ టైమ్స్ ఎడిటర్ విలియం డిగ్బీ ఈ కరువు మీద 1878లోనే రెండు సంపుటాలు అచ్చువేశారు. ఇంగ్లిష్ పత్రికలవాళ్లు కరువును ఎలా చూశారన్నది మీ ప్రశ్నయితే అది ప్రైమరీ. బళ్లారిలో, కడపలో ఎంతమంది పోయారన్నదైతే, ఆయన ఎవరి లెక్క తీసుకున్నారో మళ్లీ వెతుక్కోవాల్సిందే. అందుకే ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి.

ఇక ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. మద్రాస్ ప్రెసిడెన్సీ నాటి బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్, అంటే రెవెన్యూ బోర్డు ఉత్తరాలు, ఉత్తర్వుల రికార్డులు, అక్కడున్నాయి. మన జిల్లాలూ అప్పట్లో ప్రెసిడెన్సీలోవే కదా. యూనివర్సిటీ నుంచి లెటర్ పట్టుకెళ్లండి, పెన్సిల్ మరిచిపోకండి. ముందు ఇండెక్స్ చూసి, నంబరు రాసుకుని, స్లిప్ ఇవ్వాలి. 'కెనాల్' కింద వెతికి వెతికి నాకు రెండు రోజులు పోయాయి. ఆనాటి గుమాస్తాలు దాన్ని 'ఫ్యామిన్' కింద పెట్టారని మూడో రోజుకి గానీ బుర్రకి తట్టలేదు. ఎంత మెల్లిగా తిప్పినా కాగితం అంచు పొడిపొడిగా బల్ల మీద రాలుతుంది. మొదట్లో నాకు భలే టెన్షన్‌గా ఉండేది.

ప్రైమరీ కదా అని గుడ్డిగా నమ్మకండి. 1877 మొదట్లో, కరువు చూడమని భారత ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని మగవాడికి రోజుకి ఒక పౌను (అర కిలోకి కాస్త తక్కువ) ధాన్యం, ఒక అణాకి తగ్గించారు. అది చాలునని ఆయన, ఎలా చాలుతుందని మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్యం చూసే అధికారి) కార్నిష్ వాదించుకున్నారు. ఇద్దరివీ ప్రైమరీయే. ఒక్కరిదే చదివితే మీరు ఆయన గుమాస్తా అయిపోతారు. ఆ పౌను గింజలు తిని మట్టి మోసినవాడి మాట మాత్రం నాకు ఏ ఫైల్లోనూ దొరకలేదు.

అవ్వ చెప్పినవి తప్పకుండా పెట్టండి. 1876లో ఏం జరిగిందన్నదానికి అవి రుజువు కావు, ఆ కరువు మీ ఊరి నోళ్లలో ఎలా మిగిలిందన్నదానికి మాత్రం ప్రైమరీయే. ఆవిడ ఎవరి నోట విన్నారో అడిగి, మీరు ఏ రోజు రాసుకున్నారో తేదీ వేసి ఫుట్‌నోట్ ఇవ్వండి. ఎగ్మోర్ ఫైళ్లు ఎక్కడికీ పోవు, ముందు ఊరికెళ్లి రండి.