కొండ దిగుతుంటే బ్రేకు ఎందుకు మెత్తబడింది?

ప్రశ్న: ఇంటిల్లిపాదీ కారులో ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకు పెడల్ ఉన్నట్టుండి మెత్తబడి, దాదాపు అడుగు దాకా దిగిపోయింది. ఎలాగో పక్కకు తీసి ఆపాను. అరగంట తర్వాత చూస్తే మామూలుగానే ఉంది. మెకానిక్ ప్యాడ్లు చూసి ఏం పర్లేదన్నాడు. నాకైతే టెన్షన్ తగ్గలేదు. కారు కొని ఐదేళ్లయింది, బ్రేక్ ఆయిల్ ఎప్పుడూ మార్పించలేదు.

జవాబు: మీరు భయపడటంలో తప్పేం లేదండీ. ఆయిల్ మార్పించి, బ్రేకులన్నీ విప్పి చూపించేదాకా ఆ కారును మళ్లీ కొండ ఎక్కించకండి.

మీరు చివర్లో రాసిన సంగతే అసలు కారణమై ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే 155 దగ్గరే మరగొచ్చు. డాట్ 3 అయితే 205 నుంచి 140కి పడిపోవచ్చు. కొండ దిగినంతసేపూ బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే డిస్కుల వేడి ప్యాడ్ల మీదుగా, వాటిని డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లోని ఆయిల్‌కు పాకుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ ఎంత నొక్కినా కుదించుకోదు, ఆవిరి మాత్రం ఇట్టే కుదించుకుపోతుంది. మీరు తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోయి చక్రం దాకా చేరలేదన్నమాట. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది కాబట్టి షెడ్డుకు తెచ్చేసరికి ఏ లోపమూ కనిపించదు. ప్యాడ్లు చూసి పంపేస్తే ఇది బయటపడదు.

చాలా కార్లకు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. మీ కారు మాన్యువల్‌లో ఎంత రాస్తే అంతే పాటించండి. డబ్బాలో ఉన్నది తోడేసి కొత్తది పోస్తే చాలదు, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్, అంటే పైపుల్లోని పాత ఆయిల్, గాలి బయటికి పోయేలా చేయమని అడగండి. నేను చేసేటప్పుడు చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తగిలిస్తాను. మొదట ముదురు రంగు ఆయిల్ వస్తుంది, తర్వాత లేత రంగుది, బుడగ లేకుండా. అప్పటిదాకా ఆ చక్రాన్ని వదలను. అయితే రంగు బాగుందని ఆయిల్ బాగున్నట్టు కాదు, నీరు కంటికి కనపడదు. సీలు తీసి ఎన్నాళ్లో పక్కన పెట్టిన సీసాలోది మాత్రం అస్సలు పోయనివ్వకండి.

ఇక నడపడం సంగతి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్తారు. అవసరమైతే ఇంకో గేరు తగ్గించండి. బండిని ఇంజన్ పట్టి ఉంచాలి. వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా వేసి, తగ్గగానే వదిలేయండి. ఇంధనం మిగులుతుందని ఇంజన్ ఆపి దిగేవాళ్లను తలుచుకుంటేనే నాకు గుండె దడ. మన కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కితే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

పెడల్ మళ్లీ దిగిపోతే గబగబా పంపు చేస్తూ గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకునే కొంచెం కొంచెంగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది.

ప్రశ్న: బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మిన్ గీత దాకా వచ్చింది. నేనే పోసుకుంటే సరిపోతుందా?

జవాబు: ముందు ప్యాడ్లు చూపించండి. ప్యాడ్ అరిగే కొద్దీ క్యాలిపర్ పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఖాళీని ఆయిల్ నింపుతుంది. అందుకే మట్టం మెల్లగా దిగుతుంది. ఇప్పుడు నిండా పోస్తే ఆ హెచ్చరిక కనిపించకుండా పోతుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెడితే ఆయిల్ పొంగి పెయింటును కూడా తినేస్తుంది. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయండి, అదీ ఒకే ఇరుసుకు రెండు వైపులా. కొన్ని రోజుల్లోనే మట్టం పడిపోయిందంటే అది లీకు. చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి, ఆ బండి నడపకండి.

ప్రశ్న: సడన్ బ్రేకు వేస్తే పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంది. భయపడి కాలు తీసేశాను. బ్రేకు పాడైందా?

జవాబు: లేదండీ, అది చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ పనిచేయడం. ఈసారి కాలు తీయకండి. గట్టిగా తొక్కి అలాగే పట్టుకుని, అడ్డం వచ్చినదాన్ని తప్పించేలా స్టీరింగ్ తిప్పండి. మామూలుగా మెల్లగా ఆపేటప్పుడు కూడా పెడల్ అదురుతుంటే అది వేరే సంగతి, డిస్కులు చూపించండి.