సూళ్లూరుపేట వెళ్లబోయే మేనకోడలికి

అమ్మలూ,

పులికాట్ సరస్సు మీద సూర్యాస్తమయాన్ని ఫొటో తీయడానికి ఒక్కదానివే సూళ్లూరుపేట వెళ్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మీ మామయ్య కెమెరాను మళ్లీ చేతిలోకి తీసుకునేవాళ్లు మన ఇంట్లో ఉన్నారని పొంగిపోయాను. దాంతోపాటు ఆ పొడవాటి లెన్సు కూడా అడిగావని విన్నాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. చెన్నై నుంచి లోకల్ రైలు ఉంది, తిరుగు రైలు వేళ రాసిపెట్టుకో. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దాకా వెళ్తే చాలు, ఈ కాలంలో చుట్టూ నీళ్లే, ఫ్లెమింగోలూ ఉంటాయి. షార్, అంటే ఆ రాకెట్ కేంద్రం, గేటు వైపు కెమెరా ఎత్తకు. పడవ ఎక్కకు. 2011 క్రిస్మస్ నాడు ఆ సరస్సులో పడవ మునిగిన వార్త నేనింకా మరిచిపోలేదు. ఉప్పుగాలికి లెన్సు మసకబారుతుంది, మెత్తని నూలు గుడ్డ దగ్గర పెట్టుకో.

ఇక అసలు సంగతి. పెరంబూరులో స్టూడియో నడుపుతున్న రోజుల్లో మీ మామయ్య కూడా ఆ సరస్సుకే వెళ్లారు. పెద్ద సూర్యబింబం, దాని ముందు బారులు తీరిన పక్షులు, అదీ ఆయన కోరిక. సూర్యుడు ఇంకా పైనుండగానే ఆ లెన్సు గురిపెట్టి, పక్షులు వచ్చేదాకా కుడికన్ను తీయకుండా చూస్తూ కూర్చున్నారు. నొప్పి లేదు. రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, నొప్పి తెలియదమ్మా, మోసమంతా అక్కడే ఉంది. తిరుగు రైల్లో పత్రిక తెరిస్తే, చూసిన చోటల్లా అక్షరం మాయం. పక్క అక్షరాలు కనిపిస్తున్నాయి, చూడదలచిన అక్షరం లేదు. మర్నాడు కంటి వైద్యుడు రెటీనా నడిమి భాగం కాలిందన్నాడు. దానికి మందు లేదు, ఆగి చూడాలన్నాడు. కొన్ని నెలలకు కొంత తేరుకుంది కానీ కిటికీ ఊచలు ఆ కంటికి చివరిదాకా వంకరగానే కనిపించాయి. నెగటివ్‌ల మీద సన్నటి పెన్సిలుతో రీటచింగ్ చేయడం ఆయనకు ప్రాణం. ఆ పని ఆయన చేయి దాటి నా చేతికి వచ్చింది. ఫొటో బాగానే వచ్చింది. స్టూడియో గోడ మీద చూసి అందరూ మెచ్చుకునేవారు. నేను మాత్రం దాన్ని ఎన్నడూ ప్రేమగా చూడలేకపోయాను.

ఎర్రబడ్డాక పరవాలేదు కదా అత్తయ్యా అని వాదిస్తావు, నాకు తెలుసు. వాదించకు. వెలుగు తగ్గినా కంటికి కనిపించని వేడి కిరణాలు వస్తూనే ఉంటాయి, లెన్సు వాటిని పోగుచేసి కంట్లో పోస్తుంది. నీ కళ్లు నీకు ఎంత అవసరమో నాకూ అంతే అవసరం తల్లీ.

అయినా అసలు అందం బింబంలో లేదు. అంచు దిగంతాన్ని తాకాక అది పూర్తిగా మునగడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. అక్కడితో అందరూ సంచులు సర్దుకుంటారు. నువ్వు కదలకు. ఆ తర్వాత పావుగంటకు, మబ్బులుంటే, కింది నుంచి రంగు పట్టుకుంటుంది. అప్పుడే ఒకసారి వెనక్కి తిరిగి తూర్పు చూడు. దిగంతం మీద నీలిబూడిద రంగు పట్టీ, దాని పైన లేత గులాబీ కనిపిస్తాయి. ఆ నీలం మన భూమి నీడే. మన ప్రాంతంలో చీకటి తొందరగా పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకు. కెమెరా మీటరుతో వెలుతురు కొలత సూర్యుడి మీద కాక పక్క ఆకాశం మీద తీసుకో.

రంగు సూర్యుడిది కాదు, దారిలో ఉన్న గాలిది, ధూళిది అనేవారు మామయ్య. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలితే, సెప్టెంబరులో ఈ మద్రాసులోనే సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడట. క్రిస్టియన్ కాలేజీ భౌతికశాస్త్ర ఆచార్యుడు మిచీ స్మిత్ దాన్ని పరిశీలించి రాశారు. ఆ కథ చెప్పేటప్పుడు మామయ్య ముఖం ఎలా వెలిగేదో నువ్వు చూసి ఉంటే బాగుండేది.

పొడవాటి లెన్సు నా అలమారలోనే ఉంటుంది. అడగకు, ఇవ్వను. కెమెరాకు 50 ఎం.ఎం. పొట్టి లెన్సు తగిలించి, చిరిగిన పట్టీ కుట్టించి ఉంచాను. ముందు రోజు రాత్రికి ఇక్కడికి వచ్చెయ్యి. భోంచేసి పడుకుంటే మధ్యాహ్నం రైలుకు నేనే వచ్చి ఎక్కిస్తాను.

మీ అత్తయ్య