గిఫ్టు వచ్చిందని పిలిస్తే

చి.ల.సౌ. సుజాతకు, మావయ్య ఆశీస్సులు.

మాల్‌లో నింపిన కూపన్‌కి డ్రా తగిలిందని, దంపతులిద్దరూ వచ్చి గిఫ్టు తీసుకెళ్లమని ఫోన్ వచ్చిందట. ఆదివారం వెళ్తున్నారని అక్క చెప్పింది, అందుకే రాస్తున్నా. వినియోగదారుల సంఘంలో పనిచేసినన్నాళ్లూ ఇలా గిఫ్టు పేరుతో పిలిచి అంటగట్టిన హాలిడే మెంబర్‌షిప్ (ముందే డబ్బు కట్టించుకుని, సెలవుల్లో రిసార్టు గది ఇస్తామనే పథకం) కాగితాలు పట్టుకుని ఎంతోమంది వచ్చేవాళ్లు. అందరూ చదువుకున్నవాళ్లే.

ఇద్దరూ రావాలని ఎందుకంటారో తెలుసా? "ఇంట్లో అడిగి చెప్తాం" అనే దారి మూసేయడానికి. గంటల తరబడి కూర్చోబెడతారు. పక్క టేబుల్లో ఎవరో చేరారని చప్పట్లు కొడతారు. లక్షల్లో చెప్పిన ధరను మేనేజర్ వచ్చి సగం చేస్తాడు, అదీ ఈ ఒక్కరోజుకే అంటాడు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఎలాగోలా బయటపడదామని కార్డు గీకేసినవాళ్లే ఎక్కువ.

నా మాట వింటే అసలు వెళ్లొద్దు. వెళ్తే మాత్రం కార్డులు ఇంట్లో పెట్టి వెళ్లండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఒప్పందం కాపీ ఇస్తే ఇంటికెళ్లి చదువుకుంటామని అడగండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి, మొహమాటపడొద్దు. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్, పండగ సెలవుల్లో గది ఇవ్వని షరతు ఆ సన్న అక్షరాల్లోనే ఉంటాయి. నోటితో చెప్పిన హామీలు అందులో ఉండవు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, రద్దుకి గడువుందేమో ఒప్పందంలో వెంటనే చూడమను. ఆ రాత్రే మెయిల్ పెట్టి, మర్నాడు రిజిస్టర్డ్ పోస్టులో అదే ఉత్తరం పంపాలి. ఆ సొమ్ము కట్టడానికి అప్పు తీసుకుని ఉంటే, ఇచ్చిన బ్యాంకుకీ రాయాలి. ఈఎంఐ మాత్రం చెప్పాపెట్టకుండా ఆపకూడదు, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

అయినా డబ్బు తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇస్తామన్న బహుమతి ఇవ్వకుండా ఎగ్గొట్టాలని చూడడం, ధరలో కలిపేసినదాన్ని ఉచితమని నమ్మించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. కంపెనీ ఎక్కడున్నా మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కాకపోతే 2 ఏళ్లలోపు వేయాలి.

ఈ ఉత్తరం అల్లుడుగారికీ చూపించు. శనివారంలోగా ఫోన్ చెయ్యి.

మావయ్య