లేహ్‌లో పన్నెండు నెలలు

ప్రశ్న: మా అబ్బాయికి లేహ్‌కు బదిలీ అయింది. నవంబరు మొదటి వారంలో చేరాలి, కోడలూ వెంట వెళ్తోంది. అక్కడ ఏడాదంతా మంచేనా? ఏమేం సర్దిపెట్టాలి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: మంచు సంగతి అలా ఉంచండమ్మా. లేహ్ హిమాలయాలకు అవతలి పక్కనుంది, నైరుతి మేఘాలు అక్కడికి చేరేసరికి ఖాళీ అయిపోతాయి. వానా మంచూ కలిపి ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్లు. గట్టి వాయుగుండం పట్టిందంటే తిరుపతిలో ఒక్కరోజు పడే వాన అది. అక్కడ బాధపెట్టేవి ఎత్తూ, పొడిగాలీ. ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తునుంది. ఇక్కడ పీల్చే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. దిగిన రెండు రోజులూ పెట్టెలు మొయ్యకుండా, మేడమెట్లు ఎక్కకుండా ఇంటిపట్టునే ఉండాలి. తలనొప్పి మామూలే. కూర్చున్నా ఆయాసం వస్తుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

జనవరిలో రాత్రి మైనస్ 15 దాకా దిగుతుంది, పగలు సున్నాకు అటూఇటూ. ఏప్రిల్‌లో ఆప్రికాట్ చెట్లు పూస్తాయి, రాత్రిళ్లు ఇంకా చలే. జులై, ఆగస్టుల్లో పగలు 25 డిగ్రీలు, రాత్రి 10. అప్పుడు కూడా ఎండలో చెమట పట్టినవాడు నీడలోకి రాగానే స్వెటర్ వెతుక్కుంటాడు. వాన తక్కువ కదా అని వాగు పక్కన ఇల్లు తీసుకోవద్దు. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి దాటాక కుంభవృష్టి పడితే చెట్టూచేమా లేని ఆ కొండల మీంచి బురద ఊళ్ల మీదికి వచ్చిపడింది.

నవంబరులో రాత్రి ఎటూ సున్నా కిందికి పోతుంది కాబట్టి ముందు చూసుకోవాల్సింది నీళ్లు. సాయంత్రమే వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి పైపు ఖాళీ చెయ్యాలి, వాడకం నీళ్లు డ్రమ్ములో పట్టుకోవాలి. అయినా గడ్డకడితే వేడినీళ్లలో ముంచిన గుడ్డను కుళాయి వైపు నుంచి చుట్టుకుంటూ వెనక్కి రావాలి. మంట పెట్టినా, మరిగే నీళ్లు పోసినా పైపు పగులుతుంది. గది వెచ్చబరిచే బుఖారీని వెలిగించి పడుకోకూడదు, వెలిగినంతసేపూ కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక వంటిల్లు. నీళ్లు అక్కడ 88 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే కందిపప్పు గిన్నెలో ఎంతసేపు ఉడికినా పలుకే. కుక్కర్‌తో పాటు రెండు గ్యాస్కెట్లు అదనంగా పెట్టండి. దోసెపిండి చలికి పులవదు, కంబళి చుట్టి వెచ్చని గదిలో ఉంచాలి. పెరుగు తోడుకూ అదే పద్ధతి. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపే గడ్డకడుతుంది, వెడల్పు మూతి డబ్బాలో పోసివ్వండి. ఒక్క మందపాటి కోటు కన్నా లోపల థర్మల్, మీద ఉన్ని, ఆపైన గాలి చొరని జాకెట్ నయం. వాజలిన్, నల్లకళ్లద్దాలు మరవద్దు.

ప్రశ్న: మే సెలవుల్లో మనాలి మీదుగా లేహ్‌కు కారులో పోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మేలో ఆ దారి తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు, జూన్‌కు పెట్టుకోండి. పిల్లలుంటే శ్రీనగర్, కార్గిల్ దారే మేలు. కార్గిల్ సుమారు 2,700 మీటర్లే కాబట్టి అక్కడ రాత్రి ఆగితే ఒంటికి అలవాటవుతుంది. మనాలి దారిలో చాలామంది నిద్రచేసే సర్చూ 4,200 మీటర్ల పైన ఉంది, లేహ్ కన్నా ఎత్తు.