పిడుదు లాలాజలం బ్యాక్టీరియాకు ఎలా మేలు చేస్తుంది?
పిడుదు రోజుల తరబడి ఒకేచోట అతుక్కుని రక్తం తాగాలి. అందుకే దాని లాలాజలం ఆ చోట మన రోగనిరోధక స్పందనను అణచేస్తుంది. ఇవాసిన్లు అనే ప్రోటీన్లు తెల్లరక్తకణాలను పిలిచే కీమోకైన్లను పట్టేస్తాయి. మరికొన్ని, సూక్ష్మజీవులపై దాడి చేసే రక్త ప్రోటీన్ల సమూహమైన కాంప్లిమెంట్ వ్యవస్థను అడ్డుకుంటాయి.

పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధిని తెచ్చే బొరీలియా అనే బ్యాక్టీరియాకు బాగా అక్కరకొచ్చేది ఈ లాలాజలంలోని సాల్ప్15 అనే ప్రోటీన్. ఇది రోగనిరోధక కణాలైన టీ కణాల మీది సీడీ4 అనే ప్రోటీన్‌కు అతుక్కుని వాటిని చురుకెక్కనివ్వదు. అంతేకాదు, బ్యాక్టీరియా పైపొరలోని ఓఎస్‌పీ-సీ ప్రోటీన్‌కూ అంటుకుని యాంటీబాడీలకు చిక్కకుండా కప్పేస్తుంది. సాల్ప్15 కలిపి బొరీలియాను ఎక్కించిన ఎలుకల్లో బ్యాక్టీరియా సంఖ్య ఎక్కువగా కనిపించింది.

బొరీలియా పిడుదు పేగు నుంచి లాలాజల గ్రంథులకు చేరడానికి సమయం పడుతుంది కాబట్టి పిడుదును 24 గంటలలోపు తీసేస్తే ముప్పు చాలా తక్కువ. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె పూయడం, నిప్పు అంటించడం వద్దు. బెదిరిన పిడుదు లోపలి ద్రవాన్ని చర్మంలోకి వదలొచ్చు.