టేపులు ముట్టుకునే ముందు

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి నెవార్క్‌లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి జాజ్ చరిత్ర చదువుతావట, పాత రికార్డింగులను మళ్లీ విడుదల చేసే నిర్మాతవు అవుతావట. ఇదంతా మీ అమ్మ ఫోనులో ఏడుస్తుంటే తెలిసింది నాకు. న్యూజెర్సీలో బతుకంతా టేపులు బాగుచేసిన వాణ్ణి, నాకు చివర్లోనా చెప్పడం? సరే, ఆ కోపం తీరిపోయింది. లోలోపల మురిసిపోయాను కూడా. ఆ మాట మాత్రం మీ అమ్మకు చెప్పకు.

ఏదో ఒక వాద్యం కాస్తయినా నేర్చుకో. అద్దెకు సరిపడా వేరే ఆదాయం చూసుకో. నువ్వు దేవుడిలా కొలిచే జాజ్ చరిత్రకారుడు ఫిల్ షాప్ 1970లో కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థుల రేడియోలో మొదలుపెట్టి అర్ధ శతాబ్దం మాట్లాడాడు. శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ మీద ఆయన పొద్దుటి కార్యక్రమంలో పాట కన్నా పాట గురించిన మాటే పొడవు! గ్రామీ అవార్డులు వచ్చాయి గానీ ఆ రేడియో జీతం ఇవ్వలేదు. పాఠాలు చెప్పాడు, రికార్డుల పని చేశాడు, అలా గడిచింది.

ఇక న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం సంగతి. 1956 జూలై 7 రాత్రి జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద ఆపకుండా 27 ఆవృత్తులు వాయించాడు, జనం లేచి చిందులేశారు. అయితే అతను నిలబడింది వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వారి మైకు ముందు. రికార్డు తీస్తున్న కొలంబియా రికార్డుల కంపెనీ మైకుకు ఆ వాద్యం దూరంగా, పలచగా అందింది. కొత్త సూట్‌కేమో, అంటే కొన్ని భాగాలు వరసగా వాయించే రచనకు, సాధన చాలలేదు. రెండు రోజుల తర్వాత నిర్మాత జార్జ్ అవాకియన్ బృందాన్ని స్టూడియోకు పిలిచి కొన్ని భాగాలు మళ్లీ వాయింపించి, వాటికి చప్పట్లు కలిపాడు. కొన్నవాళ్లు ఏళ్ల తరబడి అంతా వేదిక మీదిదే అనుకున్నారు. చివరికి వాయిస్ ఆఫ్ అమెరికా టేపు దొరికింది. షాప్ ఆ రెండు మోనో టేపులనూ జతకలిపి, ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ పెట్టి, 1999లో అసలు కచేరీని స్టీరియోలో వినిపించాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నప్పుడు, అంతవరకూ గోడ అవతల ఉన్న శాక్సఫోన్ గదిలోకి వచ్చినట్టనిపించి లేచి నిలబడ్డాను.

అవాకియన్‌ను తిట్టను. ఎల్లింగ్టన్ పేరు మళ్లీ మారుమోగింది ఆ రికార్డుతోనే. మైకు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నువ్వూ అతుకులు వేస్తావు, వేయక తప్పదు. ఏ నిమిషంలో ఏ టేపు నుంచి తెచ్చి వేశావో అట్ట మీద రాయి. కంపెనీ వాళ్లు వద్దంటారు. అయినా రాయి.

రాత్రిళ్లు నాకు నిద్ర పట్టనివ్వని భయం ఇంకొకటుంది. బంకబంకగా మారే 1970ల టేపులను సన్నని వేడిలో ఉంచి ఆరబెడతాం కదా, అది చూసి అన్నిటినీ ఓవెన్‌లో పెట్టకు తల్లీ! ముందు రీలును పక్క నుంచి దీపానికి ఎత్తి చూడు. వెలుతురు దాటి వస్తే అది అసిటేట్ అనే పాత రకం టేపు, వెనిగర్ వాసన వేస్తే మరీ అనుమానం లేదు. దానికి వేడి తగలకూడదు. ఒకచోట ఒక కుర్రాడు ఎవరినీ అడగకుండా అలాంటి రీలును వేడిలో పెట్టేశాడు. అంచులు మెలితిరిగిపోయాయి. ఆ రీలులో వాయించిన డ్రమ్స్ కళాకారుడి భార్య బయట కుర్చీలో ఎదురుచూస్తూ ఉంది, ఆమెకు చెప్పడానికి నన్ను పంపారు.

నీకు ఆ గతి పట్టకూడదనే ఇంత గొడవ. చెవులు జాగ్రత్త, వేళకు తిను. ఎవరైనా ఒప్పంద పత్రం ఇస్తే సంతకం పెట్టక ముందే నాకు పంపు. మీ అమ్మతో ఆదివారం నేను మాట్లాడతాను, ఈలోగా నువ్వు నోరెత్తకు.

మామయ్య